ఎడమ కంటితో చూసిన చెరువు

మశూచి వచ్చి బతికినవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. వాళ్లెవరూ దాని గురించి రాయరు. ముఖం మీద కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మళ్లీ కాగితం మీద పెట్టడం దేనికనుకుంటారేమో. నేను పత్రికలో పనిచేసేవాణ్ని. ఇతరులకు జరిగినవి రాయడమే తప్ప నాకు జరిగింది రాసే అలవాటు లేదు. అయితే ఈ మధ్య కొందరు తల్లులు పిల్లలను చంకనేసుకొని మా ఇంటికి వచ్చి, నా ఎడమ కన్ను ఎట్లా నిలిచిందని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. రాస్తే నా మనసు కూడా ఒక చోట కూర్చుంటుందని ఆశ.

మాఘం, పంతొమ్మిది వందల నలభై తొమ్మిది

పోలీసు చర్య అయిపోయి అప్పటికి అయిదారు నెలలు. రజాకార్ల భయం పోయింది గానీ ఇబ్రహీంపట్నంలో ఇంకా ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఊరి బయట సైన్యం డేరాలు వేసుకొని ఉంది. గుట్టల్లో సంగపోళ్లు, అంటే కమ్యూనిస్టులు, దాక్కున్నారని ఇళ్లు వెతికేవారు. నేను హైదరాబాదులో ఒక తెలుగు పత్రికలో ఉపసంపాదకుణ్ని. వచ్చిన తంతి వార్తలను తెలుగు చేయడం, అచ్చు తప్పులు దిద్దడం నా పని. పొద్దస్తమానం కళ్లతో చేసే పని అది. మా అవ్వ (అమ్మను మేము అట్లాగే పిలుస్తాం), నా భార్య అనసూయ, ఏడాది నిండని కూతురు ఊళ్లోనే ఉండేవారు. సెలవు దొరికినప్పుడల్లా నేనే వచ్చిపోయేవాణ్ని.

అట్లా వచ్చినప్పుడే జ్వరం తగిలింది. నడుము విరిచేసినట్టు నొప్పి. ముఖం మీద మొదటి పొక్కులు చూడగానే అవ్వ లేచింది. బయటికి వెళ్లి వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. పాపను ఆ పూటే కోహెడలో అనసూయ తల్లిగారింటికి పంపించారు. టీకా వేసేవాళ్లు అంతకు ముందు ఏడాది మా ఊరికి వచ్చారు. ఆ రోజు నేను హైదరాబాదు పట్నంలో ఉన్నాను, పట్నంలో వేసిన రోజు ఊళ్లో ఉన్నాను. పిల్లలున్న వాళ్లకు నేను చెప్పే మొదటి మాట అదే. టీకా వేసేవాళ్లు ఏ రోజు వస్తే ఆ రోజు అక్కడ ఉండండి.

మా ఇళ్లలో ఈ జబ్బును జబ్బు అనరు. తల్లి వచ్చింది అంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లు పోపు వేయరు, తల దువ్వరు, దవాఖాన మందు గడప దాటి రాకూడదు. గది చీకటి చేసి, వేపమండతో విసురుతూ కూర్చుంటారు. అవ్వకు చిన్నప్పుడే తల్లి పోసింది కాబట్టి ఆమెకు భయం లేదు. అనసూయకు చిన్నతనంలో టీకా వేశారు. భయం ఆమెకూ లేదు గానీ, వేరే దిగులు ఉండేది.

"కండ్లల్ల గూడ పోసింది అత్తా. డాక్టరును పిలిపిస్తే ఏమైతది?"

"తల్లి ఇంట్ల ఉండంగ మందులోణ్ని తెస్తవా? ఆమెకు కోపం రాదా?"

"కండ్లు పోతే ఈయన ఏం పని జేస్తడు?"

"ఉన్న ప్రాణం గురించి మొక్కుకో. కండ్ల సంగతి తర్వాత."

కళ్లు మూసుకుపోయి పడుకున్న నాకు ఈ మాటలన్నీ వినబడేవి. ఇద్దరిదీ న్యాయమే అనిపించేది. చివరికి అనసూయ ఒక ఉపాయం పట్టింది. తల్లికి సాక పోయడానికి రోజూ వేపాకు, పసుపు వేసి నీళ్లు సిద్ధం చేస్తారు. ఆమె అంతకు ముందే వేరేగా నీళ్లు మసలకాచి, చల్లార్చి, కడిగి ఆరేసిన పాత చీర ముక్కలతో నా కళ్లు తడిపి తుడిచేది. రెప్పలు అంటుకుపోకుండా మెల్లగా విడదీసేది. అవ్వ అడిగితే "సాక నీళ్లే" అనేది. ప్రాణం పోయేంత మంటగా ఉండేది. ఆమె చెయ్యి మాత్రం ఎన్నడూ తొందరపడలేదు.

ఆ రోజుల్లోనే సైన్యంవాళ్లు మా వాడ మొత్తం వెతికారు. బూట్ల చప్పుడు మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. అవ్వ గడపలో అడ్డంగా నిలబడిందట. వాళ్ల భాష ఈమెకు రాదు, ఈమె భాష వాళ్లకు రాదు. ముందున్న సిపాయి వేపమండలు చూశాడు. వెనక్కి తిరిగి తోటివాళ్లతో ఏదో అని, బూట్లు విప్పి గడప ముందు చేతులు జోడించి వెళ్లిపోయాడు. వాళ్ల దేశంలో కూడా తల్లి ఇట్లాగే వస్తుందన్నమాట. అతనెవరో నాకు తెలియదు. చీకటి గదిలో నుంచి అతనికి నేను పెట్టుకున్న దండంతో ఆ రుణం ఇప్పటికీ తీరినట్టు అనిపించదు.

ఫాల్గుణం, హైదరాబాదు దవాఖాన

పొక్కులు ఎండి రాలిపోయాయి. అవ్వ మూడు తలంట్లు పోసి, పోచమ్మకు బోనం చేసి, తల్లిని సాగనంపింది. వేపమండలు తీసేసిన పూటే అనసూయ నన్ను పట్నం తీసుకుపోయింది. కుడి కంట్లో వెలుతురు కూడా లేదు. ఎడమ కంట్లో వెలుతురుంది గానీ, పాలు కలిపిన నీళ్లలోంచి చూస్తున్నట్టుండేది. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మీర్‌పేట దాటాక తనిఖీకి బస్సు ఆపి అందరినీ దింపారు. నన్ను మాత్రం దిగొద్దన్నారు. మర్యాద అనుకొని సంతోషించాను. ముట్టుకోవడానికి జంకి అన్నారని తర్వాత అనసూయ చెప్పి నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

కళ్ల దవాఖాన వరండాలో చాలాసేపు కూర్చున్నాం. అక్కడ కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు, అందుకే మాటలు ఎక్కువ. పాతబస్తీ నుంచి వచ్చిన ఒక ముసలామె, కళ్లకు పట్టీ కట్టి ఉంది, నా గొంతు విని ఏం పని చేస్తావని అడిగింది. చెప్పాను.

"అఖ్బారా? అయితే జర మంచి వార్తలు రాయి బేటా. నాకు పట్టీ తీసేసరికి రాసి పెట్టు," అంది.

ఆ మాటకు వరండా అంతా నవ్వింది. నాకు మాత్రం దుఃఖం ఆగలేదు. రాయగలనో లేదో తెలుసుకోవడానికే అక్కడ కూర్చున్నాను.

డాక్టరు పెద్దాయన. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడాడు. కుడి కన్ను ఇక రాదని మొహమాటం లేకుండా చెప్పాడు. ఎడమ కంటి నల్లగుడ్డు మీద పొర ఉంది, అది పలచబడవచ్చు, మచ్చగా నిలిచిపోవచ్చు అన్నాడు. మచ్చ నడిమధ్య నిలిస్తే అచ్చు అక్షరం చదవలేను. చుక్కల మందు ఇచ్చాడు.

"ఎండలోకి పోవద్దు. అక్షరం ముట్టుకోవద్దు. నీడపట్టున కూర్చొని దూరంగా ఉన్నది చూస్తుండు. కన్నును వాడకపోతే అది కూడా సోమరి అయితది," అన్నాడు. కళ్లు తుడిచింది ఎవరని అడిగాడు. అనసూయ చెప్పింది. ఆయన ఆమెను మెచ్చుకోలేదు. "అందుకే ఒకటి మిగిలింది," అని మాత్రం అన్నాడు. అంతకన్నా పెద్ద మెప్పు నేను ఎన్నడూ వినలేదు.

ఆఫీసుకు కబురు పెట్టాను. వానాకాలం దాకా నా కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టనని సంపాదకుడు మనిషితో చెప్పి పంపాడు. ఆయన మంచితనం మోయడం కూడా బరువుగానే ఉండేది.

చైత్రం, లెవీ కొట్టు

ఎండలోకి పోకుండా దూరం చూడడం ఎట్లా? మా ఇంటి నీడలో కూర్చుంటే ఎదుటివాళ్ల గోడే దూరం. దారి చూపింది అనసూయే.

బడి వెనుక ఒక పెద్ద కొట్టు ఉండేది. నిజాం రోజుల్లో రైతుల దగ్గర లెవీ ధాన్యం గుంజుకొచ్చి అందులో నింపేవారు. పోలీసు చర్య తర్వాత అది ఖాళీ అయింది. మా బడిలో బొమ్మలు నేర్పే రాజలింగం దాన్ని అడిగి తీసుకొని, ఊడ్చి, తాను గీసిన పటాలన్నీ గోడలకు వేలాడదీశాడు. తలుపు మీద చిత్రశాల అని రాశాడు. ఊళ్లోవాళ్లు దాన్ని చిత్రశాల అనలేదు, లెవీ కొట్టనే అనేవారు. బొమ్మలు చూడ్డానికి కూడా ధాన్యం కొలవడానికి పోయినట్టు జంకుతూ పోయేవారు.

"రాజలింగం సారు మన చెరువు గీసిండట. ఈ గోడ నుంచి ఆ గోడ దాంక ఉన్నదట," అంది అనసూయ. "ఎండ లేదు, దూరం ఉన్నది. ఇంకేం గావాలె?"

పొద్దున పొలం పోతూ నన్ను అక్కడ కూర్చోబెట్టి, మధ్యాహ్నం తిరిగొస్తూ తీసుకుపోయేది. లోపలికి వచ్చి చూసే తీరిక ఆమెకు ఉండేది కాదు. రాజలింగం ఒక కుర్చీ వేసి, "కూర్చోండన్నా, మీ ఇష్టమున్నంత సేపు," అని బడికి పోయేవాడు. గోడకు పైన ఉన్న చిన్న కిటికీల నుంచి మెత్తని వెలుతురు పడేది. పాత వడ్ల వాసన ఇంకా పోలేదు.

మొదటి రోజుల్లో నాకు కనబడింది ఒక నీలపు మరక, దాని కింద ఒక మట్టిరంగు మరక. అంతే. అయినా రోజూ పోయాను. కొన్నాళ్లకు మట్టిరంగు మరక కట్ట అయింది. ఒక పొద్దున కట్ట మీద చెట్ల మొదళ్లు విడివిడిగా కనబడ్డాయి. ఆ తర్వాత నీళ్ల మీద ఒక గీత పడవ అయింది. చెరువుకు అవతల గుట్టలు మాత్రం పొగలాగానే ఉండేవి.

నేను ఆ చెరువు ఒడ్డునే పెరిగాను. నీళ్లలో ఈదాను, కట్ట మీద బండి తోలాను. ఏనాడూ దాన్ని కూర్చొని చూడలేదు. రాజలింగం గీసింది వానాకాలంలో నిండిన చెరువు. వర్షం పడి వెలిసిన తర్వాత వచ్చే ఆ నల్లని వెలుతురు, నీళ్ల మీద గాలి పోయిన దారి, ఒక్కొక్కటి నా కంటికి అందుతున్నప్పుడు, అవన్నీ నాకోసం దాచిపెట్టి రోజుకింత చేతిలో పెడుతున్నట్టుండేది. బయట అసలు చెరువు ఎండకు కిందికి దిగిపోతోంది. కొట్టులో చెరువు నాకు రోజురోజుకూ నిండుతోంది.

మళ్లీ దవాఖానకు పోయినప్పుడు డాక్టరు పొర పలచబడిందన్నాడు. ఏం చూస్తున్నావని అడిగితే చెప్పాను. ఆయన మందు సీసా పక్కన పెట్టి నవ్వాడు.

"అరే భాయ్, పటంలో గుట్ట ఎంత దూరముంటది? గోడ ఎంత దూరమో అంతే గదా. నేను చెప్పిన దూరం అదా?"

అనసూయ ముఖం చిన్నబుచ్చుకుంది. డాక్టరు అది గమనించి, "ఫికర్ చెయ్యకమ్మా. కంటికి పని దొరికింది గదా, అది మస్తు," అన్నాడు.

ఆ రోజు నేను ఆయనను ఒక మాట అడగాల్సి ఉంది. అడగలేదు.

వైశాఖం, మచ్చ

చైత్రం చివర్లో, గుట్టలు కూడా తేటపడుతున్న రోజుల్లో, పటంలో ఒక తెల్లని మచ్చ కనిపించింది. చెరువు నీళ్లు వదిలే తూము రాతికి పైన, ఆకాశంలోకి, జామకాయంత. చుట్టూ అన్నీ తేటపడుతున్నకొద్దీ అది ఇంకా తెల్లగా, అంచులు గట్టిపడి కనబడసాగింది. డాక్టరు చెప్పిన మచ్చ ఇదేననుకున్నాను. పొర అంతా కరిగి ఒక చోట గడ్డకట్టి నిలిచిపోయిందనుకున్నాను.

కన్ను కదిపితే కంటిలోని మచ్చ కూడా కదలాలి కదా అని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. నిజమే. భయపడ్డవాడు పరీక్ష చేసుకోడు. నేను కట్టనూ, పడవనూ చూసి, తూము దగ్గరికి రాగానే చూపు దించేసేవాణ్ని. ఇంట్లో కూడా ఏ వస్తువునూ ఎక్కువసేపు చూసేవాణ్ని కాదు. అనసూయకు చెబితే ఆమె పడ్డ పాటంతా వృథా అయిందని చెప్పినట్టు అవుతుంది. డాక్టరును అడిగితే జవాబు వస్తుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. అన్నం సరిగా తినడం లేదని అవ్వ గొణిగేది. పాపను కోహెడ నుంచి తీసుకొచ్చారు. నా ముఖం చూసి మొదట ఏడ్చింది, తర్వాత గుంటల్లో వేలు పెట్టి ఆడుకుంది. ఆ పిల్లకు చదువు వచ్చేనాటికి నేను ఒక్క అక్షరమైనా చూపించగలనా అనుకున్నాను.

ఒకరోజు కొట్టులో నేనొక్కణ్నే ఉన్నప్పుడు చేపలమ్మే లచ్చవ్వ, ఆమె కోడలు లోపలికి వచ్చారు. బుట్టలు గుమ్మం బయట పెట్టారు గానీ వాసన వాళ్లతోపాటే వచ్చింది. మూలన కుర్చీలో ఉన్న నన్ను వాళ్లు చూడలేదు.

"గిది మన చెరువేనా అత్తా?"

"మన చెరువు గాకపోతే మీ తల్లిగారి ఊరి చెరువా? గా తూము సూడు."

"తూము మీద గా సున్నమేంది?"

లచ్చవ్వ దగ్గరికి పోయి చూసింది. "అవ్, సున్నమే. సారు ఇంటికి సున్నమేసుకొని మిగిలింది దీంట్ల పూసినట్టున్నడు."

"కొంగ రెట్టేసిందేమో."

"గంత పెద్ద రెట్టా? అది కొంగనా, బర్రెనా?"

ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. లచ్చవ్వ ఉలిక్కిపడి నన్ను చూసింది.

"నువ్వా బిడ్డా. సప్పుడు జెయ్యకుంట కూసున్నవ్, గుండె ఆగినంత పనైంది."

"సున్నం ఎక్కడుంది లచ్చవ్వా?"

"గదిగో, కండ్ల ముందట్నే. కనబడుతలేదా?" అని, తన మాట తనకే వినబడి నాలుక కరుచుకుంది.

"కనబడుతున్నది," అన్నాను. కన్నీళ్లు తుడుచుకున్నాను. లచ్చవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకొని, కుర్చీ లేపి, దాంట్లో కూర్చోబెట్టింది. తన మాటకు నొచ్చుకున్నాననుకొని, బుట్టలోంచి మంచి కొర్రమీను ఒకటి తీసి కోడలి చేత మా ఇంటికి పంపించింది. కారణం వేరని ఆమెకు తర్వాత చెప్పాను. "అయితే చేప వాపసియ్యి," అంది.

బడి విడిచాక రాజలింగం వచ్చాడు. నేను మచ్చను చూపించి అడిగాను. అతను తలుపు దగ్గరికి వేసి వచ్చి, నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నిరుడు వానకాలంల గీసిన అన్నా. అప్పుడు కట్ట మీద రజాకార్ల ఠాణా ఉండె, తూము మీద నిజాం పసుపు జెండా ఉండె. ఉన్నది గీసిన. జెండా లేకుంట గీస్తే వాళ్లు అడుగుతుండిరి. మిలట్రీ వచ్చినంక జెండా ఉంటే వీళ్లు అడుగుతరు. ఏం జెయ్యాలె? మీద ఆకాశం రంగు వేద్దామంటే నాకాబందీ పెట్టి సరుకులు ఆపినప్పటి సంది రంగులు రాలే, తెల్లరంగు గూడ అయిపోయింది. సున్నంల జిగురు కలిపి పూసిన."

"నెల రోజుల నుంచి రోజూ దీని ముందు కూర్చుంటున్నాను. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"మీరు పత్రికాయన. చూసి గూడ అడుగుతలేరంటే, అర్థం చేసుకొని ఊకున్నరనుకున్న. పెద్ద మనసు అనుకున్న." తలుపు వైపు చూసి, "మీరు ఎవరికన్న రాస్తరేమో అని భయం గూడ అయింది," అన్నాడు.

అతను నాకు భయపడుతూ, నేను మచ్చకు భయపడుతూ, ఒకే పటం ముందు నెల గడిపాం. ఆ రోజుల్లో మా ఊరంతా అట్లాగే ఉండేది. చూసింది చూశామని ఎవరూ అనేవారు కాదు. రాజలింగానికి నా కథ చెప్పాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి, "సున్నం గీకెయ్యమంటవా అన్నా?" అన్నాడు. మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. ఇంకొన్నాళ్లు ఉండనీయమన్నాను.

ఇంటికి పోయి అనసూయకు అంతా చెప్పాను. అవ్వ కూడా వింది. కోడలి వైపు తిరిగి, "సాక నీళ్లని చెప్పి కండ్లు కడుగుతున్నది నాకు ఎరుక లేదనుకున్నవా? తల్లికి గూడ ఎరుకనే," అని చేప తోముకోవడానికి పోయింది. నెలల తరబడి ఆ ఇద్దరి మధ్య ఉన్న బిగువు ఆ మాటతో సడలింది.

అనసూయ మాత్రం నమ్మలేదు. నేను ఆమె మనసు నిలపడానికి కథ కట్టానని అనుమానం. మర్నాడు పొద్దున పొలం పోలేదు. నాతో కొట్టులోకి వచ్చింది. ఆ పటాన్ని ఆమె నిలబడి చూడడం అదే మొదటిసారి. కట్ట, నీళ్లు, గుట్టలు అన్నీ చూసి, తూము దగ్గర ఆగింది.

"ఇదేనా?"

"అదే."

"నిజంగనే సున్నం." వేలితో రాసి చూసుకుంది. తర్వాత ఇటు తిరిగి, ఆ మచ్చ మీద అరచెయ్యి కప్పింది. మచ్చ పూర్తిగా కనబడకుండా పోయింది.

"ఇప్పుడు ఏం కనబడుతున్నది?"

నేను చూపు దించుకోలేదు. ఇన్నాళ్లు తప్పించుకున్న చోటే, కన్ను ఆర్పకుండా చూశాను.

"నీ చెయ్యి."

"చెయ్యి ఉన్నదని నీకు ఎరుకనే. ఇంకేం కనబడుతున్నది?"

"ఎర్ర గాజులు. మణికట్టు మీద పసుపు ఇంకా పోలేదు." ఇంకొంచెం చూశాను. "చివరి గాజు పగిలేటట్టున్నది. సన్నగా చీలింది."

ఆమె చెయ్యి దించి, గాజును కిటికీ వెలుతురుకు ఎత్తి, కళ్లు చికిలించి వెతికింది. చాలాసేపటికి గాని ఆమెకు ఆ చీలిక దొరకలేదు.